మెట్ల జబ్బు

1412వ రోజు

పోలమ్మ కాలి తన్ను ఇవాళ పద్నాలుగు కిలోలకు పడింది. మూడు నెలల కిందట పదిహేడు. ఏడాది కిందట ఇరవై ఒకటి.

పరీక్ష చిన్నదే. ఇనప కుర్చీలో కూర్చోబెట్టి, చీలమండకు పట్టీ కట్టి, కాలు ముందుకు తన్నమంటాను. పట్టీ వెనకున్న కాటా ఎన్ని కిలోలో చూపిస్తుంది. మూడుసార్లు తన్నించాను. మూడుసార్లూ అంతే.

"ఏటమ్మా అలగ సూస్తన్నావు? కాటా గాని పాడైపోనాదేటి?" అంది పోలమ్మ.

"కాటా బాగానే ఉంది అప్పా."

"మరైతే నాను పాడైపోతన్నానా?"

పట్టీ విప్పి అంకె పుస్తకంలో రాసుకున్నాను. ఆవిడ కాళ్లను కదిపే నడకతొడుగు నడుముకు బిగించుకుంది. మోటార్లు గుర్రుమన్నాయి. సముద్రం మీద తేలే మా కెరటపాలెం ఏడు అంతస్తులూ ఎక్కి, పైన నాచుమళ్ల దగ్గరికి పనికి వెళ్లిపోయింది. వెనక నుంచి చూస్తే ఆ నడకలో ఏ లోపమూ కనిపించదు. తొడుగు వేసుకున్నవాళ్లెవరి నడకలోనూ కనిపించదు.

ఈ పుస్తకంలో రోజుల లెక్క పోలమ్మకు సూది వేసిన నాటి నుంచి మొదలవుతుంది. ఈ సముద్రం మీద మెట్ల జబ్బుకు మందు వేయించుకున్న మొదటి మనిషి ఆవిడే. ఈ జబ్బులో తొడల కండ కరిగి, ముందు మెట్లెక్కలేరు, చివరికి మంచం దిగలేరు. నలభై ఒకటో ఏట మంచంలోంచి లేచి నిలబడింది. ఆ రోజు ఊరంతా డప్పులు కొట్టారు.

మధ్యాహ్నం ఉప్పు వడపోత దగ్గర నా వంతు. జల్లెళ్లు కడుగుతూ పద్నాలుగు గురించే ఆలోచించాను.

1415వ రోజు

మందు వేయించుకున్న ఆరుగురినీ పిలిపించి కాటా కట్టాను. పోలమ్మతో కలిపి ఐదుగురికి తన్ను తగ్గింది. ఆరోవాడు దానయ్య. అతనిది ఇరవై నాలుగు. నిరుడూ ఇరవై నాలుగే.

మందులు చల్లగా ఉంచే పెట్టెలో రెండో విడత మందు సిద్ధంగా ఉంది. పదకొండు మందికి సరిపడా. తయారు చేయడానికి ఆరేళ్లు పట్టింది. ఇంకా ఎనభై ఎనిమిది రోజులు నిలవుంటుంది, ఆ తరవాత పనికిరాదు. ఈ మందు ఒక మనిషికి జన్మలో ఒక్కసారే వేయగలం. రెండోసారి వేస్తే ఒళ్లే దాన్ని శత్రువనుకుని తరిమేస్తుంది. కాబట్టి పనిచేయని మందు వేస్తే, ఆ పదకొండు మందికీ ఉన్న ఒక్క అవకాశాన్నీ నేనే పారేసినట్టు.

పదకొండో పేరు నాది. నాకిప్పుడు ముప్పై ఎనిమిది. తొడుగు లేకుండా పొద్దున మంచం మీంచి లేవలేను. జాబితాలో నన్ను చివర పెట్టుకున్నది నేనే. ఎవరూ అడ్డు చెప్పలేదు.

1419వ రోజు

నలుగురి తొడల్లోంచి బియ్యపు గింజంత కండ తీశాను. రంగు అద్ది, కింది అంతస్తులోని పెద్ద సూక్ష్మదర్శిని కింద రెండు రోజులు చూశాను. అలలకు ఊరు ఊగుతుంటే ఆ యంత్రం ముందు కూర్చోవడం ఒక శిక్ష. కుర్చీకి నన్ను నేను కట్టేసుకుంటాను.

మొదటి అనుమానం మందు అరిగిపోయిందేమోనని. లేదు. మేం లోపలికి పంపిన జన్యువు తన పని చేస్తూనే ఉంది. జబ్బున్నవాళ్లలో లేకుండా పోయే ప్రొటీను ప్రతి కండపోగు చుట్టూ వెలుగుతున్న అంచులా కనిపించింది.

రెండో అనుమానం నరాలు. కండ బాగుండి నరం సరిగ్గా కబురు పంపకపోయినా కాలు బలహీనపడుతుంది. కాళ్ల వెంబడి తీగలు అంటించి కొలిచాను. కబురు వేగంగానే వెళుతోంది, పూర్తిగానే చేరుతోంది.

మరమ్మతు ఉంది, నరం బాగుంది, అయినా పోగులు సన్నబడుతున్నాయి. దడ పుట్టాలి నిజానికి. పుట్టలేదు. నా మందు నాకు అబద్ధం చెప్పలేదు. తప్పు ఇంకెక్కడో ఉంది. ఎక్కడున్నా అది ఈ ఊళ్లోనే ఉంది, ఊరు పొడవు ఎనిమిది వందల మీటర్లు. దొరక్క ఎక్కడికి పోతుంది?

1423వ రోజు

దానయ్య ఊరి లంగరు గొలుసులు చూసుకునే గజఈతగాడు. అతను పైకొచ్చే వేళకు కింది రేవులో కాచుకున్నాను. ముఖం మీది ముసుగు తీసి నన్ను చూసి కంగారుపడ్డాడు.

"నాకూ తగ్గిపోనాదేటి డాక్టరమ్మా?"

"లేదు. నీకెందుకు తగ్గలేదో అడగడానికొచ్చాను. ఏం తింటావు?"

"అందరూ తిన్నదే. సేపలు, నాచు, అంబలి."

"నిద్ర?"

"పడుకుంటే తెల్లారీదాకా నెగను." ఒళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్క మెట్టూ ఎక్కడం మొదలుపెట్టాడు. వట్టి కాళ్లు. నేను వెనక నా తొడుగులో గుర్రుమంటూ ఎక్కుతున్నాను. మూడో అంతస్తు దాకా అతని తిండి గురించే అడుగుతూ వెళ్లాను. అక్కడ అతను కమ్మీ పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. అప్పటికి గాని ఆ వట్టి కాళ్లు నా బుర్రకు పట్టలేదు.

"నీ తొడుగేది?"

"ఇంటికాడ మేకుకుంది. ఉప్పునీలు తగిల్తే మోటారు కాలిపోద్ది గదా. రోజుకి నాలుగుసార్లు దిగీ ఎక్కీవోణ్ణి, ఇప్పడం తొడగడం ఎవుడు పడతాడు? ఏడుసుకుంటూ వట్టి కాళ్లతోనే ఎక్కేస్తన్నాను."

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. అతను కంగారుగా ఎవరినో కేకేయబోతే ఆపాను.

రెండేళ్ల కిందటి దాకా మా తొడుగులు వట్టి స్ప్రింగులు. కాలు ఎత్తాలని మనం ప్రయత్నిస్తే సాయం పట్టేవి. ఆ తరవాత కొత్తవి వచ్చాయి. కాలు ఎత్తాలని అనుకుంటే చాలు, నరంలో మెదిలిన కబురును చర్మం మీంచే పసిగట్టి తొడుగే ఎత్తేస్తుంది. కండ కదలక్కర్లేదు. జబ్బున్నవాళ్లకే కాదు, ఊగే ఇనప మెట్ల మీద జారిపడే బాధ తప్పిందని ఊరంతా తొడుక్కుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నష్టం అంతగా తెలియలేదు. అప్పుడే అతుకు పడిన కండకు మాత్రం పని కావాలి. పని లేకపోతే, మందు ఎంత బాగా పనిచేసినా ఆ కండ కరిగిపోతుంది.

పోలమ్మ తన్ను తగ్గడం మొదలైంది కొత్త తొడుగు వేసుకున్నాక ఏడు నెలలకు. పాత పుస్తకాలు తిరగేసి చూశాను. మందు వేయించుకున్నవాళ్లకు కొత్త తొడుగు ఇవ్వవచ్చునని రాసిన కాగితం దొరికింది. కింద సంతకం నాదే.

1424వ రోజు

కొత్త తొడుగు చేసింది నా భర్త ఎల్లాజీ.

ఈ పుస్తకంలో ఇంటి సంగతులు రాయకూడదని నియమం పెట్టుకున్నాను. ఇవాళ తప్పడం లేదు.

పొద్దున అంబలి తాగుతుండగా చెప్పాను. గిన్నె కింద పెట్టేశాడు. ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఎవుల కోసం సేసినాను వేణీ?"

"నాకోసం."

"నీ కాళ్లు తడబడిపోతన్నాయని, నువ్వు మెట్ల కాడ గోడ పట్టుకుని నిలబడిపోతన్నావని సేసినాను. మూడేళ్లు. ఇప్పుడది ఇసమంటావు."

"విషమనలేదు మావా. నాలాంటి మందు పడని కాళ్లకు అది ప్రాణం. మందు పడ్డవాళ్ల కాళ్లకు మాత్రం చేటు చేస్తోంది. ఇవ్వచ్చని రాసింది కూడా నేనే. నీ తప్పు కాదు."

"మనిద్దరిదీ అయితే మటుకు తప్పు సిన్నదయిపోద్దేటి?" అని లేచి పనికి పోయాడు. అంబలి సగం అలాగే ఉంది.

నాకు బాధగా ఉంది. కాని మాట వెనక్కి తీసుకోలేను. పోగులు సన్నబడటం నా కళ్లతో చూశాను.

1426వ రోజు

ఊరి సభ. సభకు పెద్ద నరసయ్యమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి, ఒకప్పుడు తుఫానులో ఊరిని లంగరు తెగకుండా కాపాడిన పడవ సరంగు. ఆవిడ కూడా తొడుగుతోనే వచ్చి కూర్చుంది.

నేను చెప్పిందంతా విన్నది. "అంటే, తొడుగులు ఇప్పెయ్యమంటావు."

"మందు పడ్డ ఐదుగురివి. ముందు ఒక్కరివి. పోలమ్మ ఒప్పుకుంది."

"ఇప్పీసినాక కాలు బాగుపడకపోతే?"

"బాగుపడుతుంది."

"నమ్మకం నీకుంది. పదకొండు మంది పేణాలకి నాకు రుజువు గావాల." వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "నలభై దినాలు. పోలమ్మ తన్ను పద్నాలుగు దాటిందా, సూదుల మాట మాటాడదాం. నేదా, మందు పోతే పోనాది, మరో ఆరేళ్లు ఆగుదాం."

ఆరేళ్లు ఆగితే పదకొండు మందిలో ముగ్గురు మంచం పడతారు. వాళ్లలో నేనొకదాన్ని. అది సభలో అనలేదు. అంటే నా కోసం అడిగినట్టుంటుంది.

1428వ రోజు

పోలమ్మ తొడుగు విప్పింది. మా వరండాలో గోడ పట్టుకుని ఇరవై అడుగులు. తిట్లు మాత్రం రెండు వందల దాకా ఉంటాయి. నన్ను, నా కాటాను, నా వంశాన్ని. రోజుకు ఇరవై అడుగులే, ఒక్కటి కూడా ఎక్కువ వద్దని చెప్పాను.

1431వ రోజు

వినలేదు.

నిన్న ఎవరూ చూడకుండా మెట్లెక్కింది. వట్టి కాళ్లతో నాలుగు అంతస్తులు. ఇవాళ పొద్దున ఆవిడ కూతురు పరిగెత్తుకొచ్చింది. పోలమ్మ తొడలు బిగుసుకుపోయి, ముట్టుకుంటే కేకలు పెడుతోంది. మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది.

కండ చిరిగి ఆ చెత్తంతా నెత్తురులో పడింది. మూత్రపిండాలు దాన్ని వడకట్టలేకపోతే ప్రాణానికే ముప్పు. చేతి నరంలోకి సెలైన్ ఎక్కించి గంటగంటకూ మూత్రం కొలుస్తున్నాను.

"ఎందుకెక్కావు అప్పా?"

"నలభై దినాల్లో రెండు పోతే ముప్పై ఎనిమిదేనని లెక్కెట్టుకున్నాను. బేగి పెంచీవాలనుకున్నాను." పెదవులు తడుపుకుంది. "నీ పేరూ ఉంది గదే ఆ సూదుల సీటీలో."

నేను మొహం తిప్పుకుని సెలైన్ గొట్టం సరిచేశాను.

1433వ రోజు

రంగు తేలికపడింది. మూత్రపిండాలు నిలబడ్డాయి. కాటా కట్టి చూస్తే పన్నెండు.

నరసయ్యమ్మ చూడ్డానికొచ్చింది. పోలమ్మ నుదుటి మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది. బయట జనం మాత్రం అంటున్నారు. డాక్టరమ్మ తొడుగిప్పించి మనిషిని చంపబోయిందని. అందులో సగం నిజం ఉంది. పని లేకపోతే కండ కరుగుతుంది, ఎక్కువైతే చిరుగుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న ఇరుకు దారిని ఇరవై అడుగులని నోటితో చెప్పి ఊరుకున్నాను. మనిషి ఆత్రం ముందు నోటిమాట నిలవదని తెలిసుండాలి నాకు.

కానీ ఇవాళ ఒక విషయం స్పష్టమైంది. తొడుగు విప్పడం జవాబు కాదు. తొడుగు మారాలి.

1434వ రోజు

పదిరోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్న ఎల్లాజీ ఇవాళ మధ్యాహ్నం ప్రయోగశాలకు వచ్చాడు. చంకలో పోలమ్మ తొడుగు, చేతిలో పనిముట్ల సంచి. నా బల్ల మీద గాజు పలకలన్నీ పక్కకు జరిపి తొడుగును పడుకోబెట్టాడు.

"కాలు ఎంత పని సేస్తే మంచిది, ఎంత దాటితే సిరుగుద్ది? లెక్క సెప్పగలవా?"

"నెత్తురు పరీక్షలో తెలుస్తుంది. కండ చిరగడం మొదలుకాగానే ఒక ఎంజైము పెరుగుతుంది. వారానికి రెండుసార్లు చూస్తే హద్దు పట్టుకోగలను."

"అయితే ఆ హద్దు నాకు సెప్పు. కాలు ముందు కదిలిందాకా ఇది కదలదు. కాలు ఎంత తక్కువైతే అంతే ఇస్తాది. హద్దు కాడికొచ్చిందా, మొత్తం ఇదే మోసేస్తాది." మర విప్పుతూ అన్నాడు. "మనిషి మాట ఇనకపోతే మిషను ఆపుతాది."

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు మరి?"

"కోపంగా ఉన్నాను." తల ఎత్తలేదు. "దాని పాటికి అదుంది, దీని పాటికి ఇదీ ఉంది. రెండోరోజు నించే గీస్తన్నాను ఈ బొమ్మ."

నాకు నవ్వొచ్చింది. ఆయనకు కూడా వచ్చిందనుకుంటాను, విప్పిన మరమేకును అప్పటికే పళ్ల మధ్య కరుచుకోవడం వల్ల తెలియలేదు.

1438వ రోజు

మారిన తొడుగు వేసుకుని పోలమ్మ మొదటిసారి నడిచింది. కాలు లేపాలనుకుంది, తొడుగు ఊరుకుంది. ఇంకా గట్టిగా అనుకుంది, ఊరుకుంది. చివరికి తొడ నిజంగా బిగిసింది, అప్పుడు గుర్రుమంది.

"ఓలమ్మో, ఇదేటిది, నాకంటే బద్దకంది!" అంది.

ఊళ్లో దాని పేరు బద్దకపు తొడుగుగా స్థిరపడిపోయింది. ఎల్లాజీ మొదట ఉడుక్కున్నాడు. తరవాత తనే ఆ పేరుతో పిలుస్తున్నాడు.

1440వ రోజు

మిగతా నలుగురికీ మార్చి ఇచ్చాడు.

1449వ రోజు

పోలమ్మ 13. నెత్తురులో ఎంజైము హద్దులోనే ఉంది. సాయం ఒక పిసరు తగ్గించమన్నాను. ఆవిడ రెండు పిసర్లు తగ్గించమంది. వద్దన్నాను. ఈసారి విన్నది, తొడుగు వినేలా చేసింది కాబట్టి.

1457వ రోజు

పోలమ్మ 14. గాలివాన వల్ల ఊరు మూడు రోజులు విపరీతంగా ఊగింది. అందరూ గదుల్లోనే. పోలమ్మ గదిలోనే మంచం మీంచి లేవడం, కూర్చోవడం సాధన చేసిందట. ఆవిడ కూతురు విసుక్కుంది, నిద్రపోనివ్వలేదని.

1466వ రోజు

నలభయ్యో రోజు. కాటా సభకే మోయించాను, నా గదిలో ఏదో చేశానని ఎవరికీ అనుమానం రాకూడదు. నరసయ్యమ్మ తన చేత్తోనే పట్టీ కట్టింది.

పోలమ్మ తన్నింది. పదహారు. మళ్లీ పదహారు. మూడోసారి పదహారున్నర.

కేకలు వేశారు కొందరు. నరసయ్యమ్మ చెయ్యెత్తి ఆపింది. "మిగిలిన నలుగురి సంగతేటి?"

"ముగ్గురికి పెరిగింది. ఒకరికి పెరగలేదు, తగ్గనూ లేదు. ఎందుకో నాకింకా తెలియదు."

"తెలవదని ఇంత మందిలో సెప్తన్నావా?"

"తెలియనిది దాచిపెట్టి సూది వేయలేను. నాకు తెలిసింది ఇది. మందు నిలబడింది. కండకు కొలిచి పని పెడితే తిరిగి లేస్తోంది. మిగతాది పదకొండు మందీ ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. నేను మాత్రం వేయించుకుంటాను."

పోలమ్మ కుర్చీలోంచి లేస్తూ అడ్డుపడింది. "నన్నడగండి. నాను సచ్చిపోయే దాకా ఎల్లొచ్చినాను. ఆ మూడు దినాల నొప్పి మళ్లీ పడమన్నా పడతాను గానీ మంచమెక్కను."

నరసయ్యమ్మ పట్టీ చుట్టి కాటా మీద పెట్టింది. "సరే. ఇష్టమున్నోలికి ఏయండి," అంది. ఆ తరవాత నా వైపు వంగి, మెల్లగా, "ఆ బద్దకపుది నాకూ ఒకటి సేసిపెట్టమను మీ ఆయన్ని. మోకాళ్లు మరిసిపోతన్నాయి నడక."

1478వ రోజు

పదకొండు మందిలో తొమ్మిది మంది ముందుకొచ్చారు. ఇద్దరు ఆగుతామన్నారు. ఒకరికి అరవై ఏళ్లు, ఇంకొకరికి పంతొమ్మిది. పంతొమ్మిదేళ్ల అమ్మాయి పేరు దేవుడమ్మ. భయమేస్తోందంది. బతిమాలలేదు. కొత్త విడత ఇవాళే మొదలుపెట్టాను. ఆరేళ్లు కాదు, నాలుగేళ్లలో తీస్తాను. దారి తెలిసింది కదా.

ఎనిమిది మందికి నేను వేశాను. నాకు వేయడానికి పోలమ్మ కూతురికి వారం రోజులు నేర్పాను. దాని చెయ్యి నా చెయ్యి కంటే నిదానం.

రాత్రికి జ్వరం వచ్చింది. రావాలి. మూడు రోజులు ఉంటుంది.

1604వ రోజు

నాకు మందు పడి నూట ఇరవై ఆరు రోజులు. నా తన్ను ఏడు నుంచి పదకొండుకు వచ్చింది. తొమ్మిది మందిలో ఎనిమిది మందికి తన్ను పెరిగింది. ఒకరికి మరీ మెల్లగా ఉంది, కారణం వెతుకుతున్నాను.

ఇవాళ ఐదో అంతస్తు వరండాలో కాలు జారి పడ్డాను. చేపల సంతకు పోయే దారి, జనం ఉన్న వేళ. నా తొడుగులో సాయం చాలా తగ్గించి ఉంది. నేలమీద కూర్చున్నదాన్ని అలాగే ఉండిపోయాను. నలుగురు పరిగెత్తుకొచ్చారు. ఒకాయన నా చంక కింద చేతులు పెట్టబోయాడు.

"ఆగండి," అన్న మాట వినిపించింది. ఎల్లాజీ. సంతసంచితో వస్తున్నాడు. "ముట్టుకోకండి. తనే నెగుద్ది."

"ఏటయ్యా, నీ పెళ్లాం గదా, అలగ సూస్తా నిలబడిపోతావా?" అని ఒక పెద్దావిడ మండిపడింది.

ఆయన సంచి కింద పెట్టి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, నాకు మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆ చేతులు వెనక ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో ఆయన భుజాలు చూస్తే తెలుస్తోంది.

ముందు మోకాళ్ల మీదికి వచ్చాను. కుడికాలు ముందుకు పెట్టాను. తొడ వణికింది. తొడుగు ఊరుకుంది. ఇంకా గట్టిగా తోశాను. తొడలో ఎక్కడో, జబ్బు పట్టిన పద్దెనిమిదేళ్లుగా నాకు తెలియని చోట, ఏదో పట్టు చిక్కింది. లేచాను. జనం చప్పట్లు కొట్టలేదు, అంతసేపూ బిగబట్టిన ఊపిరి మాత్రం వదిలారు.

ఎల్లాజీ సంచి తీసి భుజానికి తగిలించుకున్నాడు. "నెగడానికి మూడు నిమసాల నలభై సెకన్లు," అన్నాడు. "రాసుకో."

రాసుకున్నాను.